విండ్‌షీల్డ్ క్లీనర్ కొనే ముందు ఒక్క నిమిషం: మీ బండికి ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేసిన పది నిమిషాల్లో టెంపర్డ్ గ్లాస్ వేయించేస్తాం. దాని కింద ఒక్క దుమ్ము కణం కనిపించినా మళ్లీ తీయించి కొత్తది వేయిస్తాం. అదే మనం హెల్మెట్ వైజర్‌ని మాత్రం చొక్కా అంచుతో తుడిచేస్తాం. బండి ముందున్న విండ్‌షీల్డ్‌ని బంకులో ఏ గుడ్డ దొరికితే దాంతో రుద్దేస్తాం.

నిజానికి ఇది రివర్స్‌లో ఉండాలి. ఫోన్ స్క్రీన్ మీద గీత పడితే చూడ్డానికి బాగోదు, అంతే. వైజర్ మీద, విండ్‌షీల్డ్ మీద సన్న గీతలు పడితే రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ లైటు ఆ గీతల్లో చెదిరిపోయి కళ్ల ముందు తెల్లటి తెరలా నిలబడుతుంది. ఆ రెండు మూడు సెకన్లు రోడ్డు మీద గుంత ఉందో, గేదె ఉందో, మనిషి ఉన్నాడో తెలియదు. కాబట్టి ఈ ఆర్టికల్ బండిని మెరిపించడం గురించి కాదు, రోడ్డు కనపడటం గురించి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "బ్రో, ఏ క్లీనర్ వాడాలి?" నా లెక్కలో ఇది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు తుడుస్తున్నది దేనితో తయారైంది? ప్రాసెసర్ ఏదో తెలియకుండా కస్టమ్ రామ్ ఫ్లాష్ చేస్తే ఫోన్ ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే.

అదే పేరు, వేరే మెటీరియల్

కారు ముందు అద్దం లామినేటెడ్ గాజు. రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో "విండ్‌షీల్డ్ క్లీనర్" అని దొరికే బాటిల్స్‌లో ఎక్కువ భాగం దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవే. టూవీలర్ విండ్‌షీల్డ్, హెల్మెట్ వైజర్, ఇప్పటి కార్ల హెడ్‌లైట్ కవర్ మాత్రం ప్లాస్టిక్. పేరు విండ్‌షీల్డే, మెటీరియల్ వేరు. అసలు తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

పారదర్శకంగా ఉండే ఈ ప్లాస్టిక్స్‌లో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి రెండు.

మొదటిది పాలికార్బొనేట్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కి చెందిన డేనియల్ ఫాక్స్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని తయారు చేశారు. మాక్రోలాన్, లెక్సాన్ అనే పేర్లు వినే ఉంటారు, ఆ రెండూ ఇదే. చంద్రుడి మీద నడిచిన అపోలో వ్యోమగాముల తల చుట్టూ ఉన్న పారదర్శక బుడగ కూడా పాలికార్బొనేటే. బరువు గాజులో సగం కూడా ఉండదు. దెబ్బ తగిలితే ముక్కలవకుండా వంగి తట్టుకుంటుంది. హెల్మెట్ వైజర్లకి దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

రెండోది అక్రిలిక్, అంటే పీఎంఎంఏ. 1933 నుంచి ప్లెక్సిగ్లాస్ పేరుతో మార్కెట్లో ఉంది. పాలికార్బొనేట్ కంటే గీతలు కాస్త తక్కువ పడతాయి కానీ, గట్టి దెబ్బకి పగులుతుంది. షాపుల ముందు నేమ్ బోర్డులు, చేపల తొట్లు, కొన్ని బండ్ల విండ్‌షీల్డులు దీంతోనే చేస్తారు.

మీ దగ్గర ఉన్నది ఏది? విండ్‌షీల్డ్ కింది అంచులో, స్క్రూల దగ్గర ఎక్కడైనా చిన్న అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయేమో చూడండి. 'పీసీ' అని ఉంటే పాలికార్బొనేట్, 'పీఎంఎంఏ' అని ఉంటే అక్రిలిక్. కంపెనీ మాన్యువల్‌లో కూడా రాసి ఉండొచ్చు. బయట కొన్న ఆఫ్టర్ మార్కెట్ విండ్‌షీల్డ్ మీద ఏ గుర్తూ లేకపోతే నా రూల్ సింపుల్: రెండింటికీ పడనివన్నీ పక్కన పెట్టేయడం.

ఫోన్ గ్లాస్ అలవాటు ఇక్కడ పనికిరాదు

జెర్రీరిగ్ఎవ్రీథింగ్ ఛానల్లో జాక్ నెల్సన్ ఫోన్లని గీకే వీడియోలు చూడనివాళ్లు మనలో తక్కువ. మోస్ కాఠిన్యం స్కేలు మీద మామూలు ఫోన్ గ్లాస్ 6 దగ్గర గీతలు పడటం మొదలుపెట్టి, 7 దగ్గర లోతుగా గీరుకుపోతుంది. ప్లాస్టిక్ స్క్రీన్ అయితే 2, 3 దగ్గరే గీతలు పడతాయి. ఫోల్డబుల్ ఫోన్ లోపలి స్క్రీన్‌ని గోరు తగలకుండా చూసుకోమనేది అందుకే.

ఇప్పుడు రోడ్డు మీద దుమ్ము సంగతి చూద్దాం. అందులో ఉండే ఇసుక రేణువులు క్వార్ట్జ్. మోస్ స్కేలు మీద 7. అంటే ఫోన్ గ్లాస్‌నే గీరగల సరుకు మన వైజర్ మీద పౌడర్‌లా పరుచుకుని ఉంటుంది. దాని మీద పొడి గుడ్డ పెట్టి గట్టిగా తుడిచామంటే, గరుకు కాగితంతో రుద్దినట్టే. బాటిల్లో ఎంత ఖరీదైన లిక్విడ్ ఉన్నా ఆ నష్టాన్ని ఆపలేదు.

"మరి హార్డ్ కోట్ ఉంటుంది కదా?" అని మీరు అడగొచ్చు. మంచి వైజర్ల మీద, హెడ్‌లైట్ల మీద ఉంటుంది. గట్టిదనం కోసం, ఎండ తట్టుకోవడం కోసం కొన్ని మైక్రాన్ల మందంలో వేసే పొర అది. ఫోన్ మీద వేలిముద్రలు అంటకుండా ఉండే ఓలియోఫోబిక్ కోటింగ్ లాగే ఇదీ ఒకసారి అరిగితే మళ్లీ రాదు. కోటింగ్ ఉందంటే ఇష్టమొచ్చినట్టు రుద్దుకోవచ్చని కాదు, కాపాడుకోవాల్సింది ఇంకొకటి ఉందని అర్థం.

హెల్మెట్ల కోసం యూరప్‌లో పెట్టిన ఈసీఈ 22 నిబంధనల్లో ఈ విషయానికి ఏకంగా ఒక టెస్టే ఉంది. మామూలు క్లియర్ వైజర్ కనీసం 80 శాతం కాంతిని లోపలికి రానివ్వాలి. అక్కడితో ఆగరు. పై నుంచి క్వార్ట్జ్ ఇసుక వైజర్ మీద పోసి, ఆ తర్వాత కాంతి ఎంత చెదిరిపోతోందో కొలుస్తారు. ఎంత వెలుతురు లోపలికి వస్తోందన్నది ఒక స్పెక్, ఎంత చెదిరిపోతోందన్నది ఇంకో స్పెక్. రాత్రి డ్రైవింగ్‌లో మనల్ని ఇబ్బంది పెట్టేది రెండోది. ఇక బండికి ఎత్తైన విండ్‌షీల్డ్ ఉండి, దాని వెనక నుంచి వైజర్ దించుకుని చూస్తుంటే రెండు పొరల గీతలు కలుస్తాయి.

ఎక్కడా తగలకుండానే పగులు

మా ఆఫీసులో ఒక కొలీగ్ తన టూరింగ్ బండికి ఎత్తైన విండ్‌షీల్డ్ పెట్టించాడు. ఒక వాటర్ వాష్ సెంటర్లో సర్వీసింగ్ చేయించాక కొన్ని రోజులకి స్క్రూల చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు వచ్చాయి. "అన్నా, బండి ఎక్కడా పడలేదు, ఎవరూ తగిలించలేదు. మరి ఇదెలా వచ్చింది?" అని పార్కింగ్‌లో చూపించాడు. అక్కడ ఏ స్ప్రే కొట్టారో అతనికి తెలియదు, అడిగితే వాళ్లూ సరిగ్గా చెప్పలేదు. కాబట్టి కారణం ఫలానాదే అని నేను తేల్చలేను. కానీ ఆ గీతలు ఒక చోటే, అదీ స్క్రూల చుట్టూనే ఎందుకు వచ్చాయనే ప్రశ్నకి సమాధానం ఉంది.

ప్లాస్టిక్ ఇంజినీరింగ్‌లో దీన్ని ఎన్విరాన్‌మెంటల్ స్ట్రెస్ క్రాకింగ్ అంటారు. మామూలుగా చెప్పాలంటే, లాగుడులో ఉన్న ప్లాస్టిక్‌కి పడని రసాయనం తగిలితే, ఆ రసాయనం పొడవాటి అణువుల గొలుసుల మధ్యకి దూరి వాటి పట్టుని సడలిస్తుంది. విడిగా ఆ లాగుడు పగలగొట్టలేదు, విడిగా ఆ రసాయనమూ పగలగొట్టకపోవచ్చు. రెండూ కలిస్తే పగులుతుంది. విండ్‌షీల్డ్‌లో లాగుడు ఎక్కడ ఎక్కువ? రంధ్రాల చుట్టూ, బిగించిన స్క్రూల దగ్గర, వంపు తిరిగిన చోట. వైజర్‌లో అయితే హెల్మెట్‌కి తగిలించే రెండు చెవుల దగ్గర.

ఇది చదివి వదిలేయకుండా ఒక ఆదివారం బాల్కనీలో చిన్న టెస్ట్ చేశాను. నేమ్ బోర్డులు చేసే షాపులో మిగిలిపోయిన అక్రిలిక్ పట్టీలు తెచ్చుకున్నాను. పారేయాల్సిన పాత వైజర్ ఒకటి కోసి పాలికార్బొనేట్ ముక్కలు తీశాను. ల్యాబ్ టెస్ట్ కాదిది, ముందే చెబుతున్నా. కానీ కంటికి కనపడేంత తేడా వచ్చింది.

ఒక అక్రిలిక్ పట్టీని బాగా వంచి, క్లాంపుతో అలాగే బిగించి, పైన షాంపూ నీళ్లు రాశాను. ఏమీ కాలేదు. రెండో పట్టీని అంతే వంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాశాను. మనం మదర్‌బోర్డు మీద పాత థర్మల్ పేస్ట్ తుడవడానికి వాడేదే. కొద్ది నిమిషాల్లో వంపు పైభాగంలో వెలుతురుకి మెరిసే సన్న గీతలు వరుసగా లేచాయి. మూడో పట్టీని వంచకుండా బల్ల మీద పరిచి అదే ఆల్కహాల్ రాశాను. దాని మీద కంటికి ఏ గీతా కనపడలేదు. అంటే అదే మెటీరియల్, అదే లిక్విడ్. తేడా వంపు ఒక్కటే.

తర్వాత వైజర్ ముక్క వంతు. లోపలి వైపు అసిటోన్ చుక్కలు వేశాను. నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటిలో ఉండేది ఇదే. తగిలిన చోట తెల్లగా పాలలా మారిపోయింది. ఆ ముక్కని వంచితే ఆ తెల్లటి చోటే పగిలింది. మామూలుగా అయితే ఆ ప్లాస్టిక్‌ని చేత్తో మడత పెట్టినా పగలదు.

ఈ టెస్ట్ మీరు చేయాలనుకుంటే పారేసే ముక్కల మీదే చేయండి, గాలి బాగా ఆడే చోట, మంటకి దూరంగా. వాడుతున్న వైజర్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు. "మూలలో కొంచెం రాసి చూశా, ఏమీ కాలేదు" అనే మాటని ఎందుకు నమ్మలేమో ఆ మూడో పట్టీయే చెబుతోంది. మూలలో లాగుడు లేకపోతే ఏమీ కాదు. స్క్రూ దగ్గర కథ వేరు.

బాటిల్ వెనక్కి తిప్పండి

ముందు వైపు ఉండేది మార్కెటింగ్, వెనక వైపు ఉండేది స్పెక్ షీట్. ఫోన్ కొనేటప్పుడు "ఏఐ కెమెరా" అనే మాట చూసి కాకుండా సెన్సర్ సైజు చూసి కొంటాం కదా, అలాగే.

వెనక లిస్టులో ఇంగ్రెడియెంట్స్ పూర్తిగా లేకపోతే ఆ ప్రొడక్ట్ పేరుకి 'ఎస్‌డీఎస్' అని చేర్చి వెతకండి. సేఫ్టీ డేటా షీట్ అన్నమాట. పెద్ద కంపెనీలు దీన్ని తమ సైట్లలో పెడతాయి. అందులో 16 సెక్షన్లు ఉంటాయి. మనకి రెండు చాలు: 3వ సెక్షన్లో లోపల ఏమున్నాయో ఉంటుంది, 9వ సెక్షన్లో పీహెచ్ విలువ ఉంటుంది.

ఈ పేర్లు కనపడితే ప్లాస్టిక్ విండ్‌షీల్డ్‌కి దూరంగా ఉంచండి:

అమ్మోనియా. గాజు మీద జిడ్డు తీయడంలో దిట్ట. పాలికార్బొనేట్‌కి మాత్రం పడదు. ఆ ప్లాస్టిక్ గొలుసులో ఉండే కార్బొనేట్ బంధాలని క్షారాలు, అమీన్లు తెంచుతాయి. పీహెచ్ బాగా ఎక్కువ ఉన్న ఏ క్లీనర్ అయినా ఇదే బాపతు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇథనాల్. పాలికార్బొనేట్ వీటిని చాలావరకు తట్టుకుంటుంది, కానీ దాని మీద ఉండే యాంటీ ఫాగ్ పొర తట్టుకోకపోవచ్చు. అక్రిలిక్ గతి ఏంటో పైన చూశాం. శానిటైజర్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

అసిటోన్, టొలూయిన్, థిన్నర్, పెట్రోల్. వీటి గురించి రెండో మాట లేదు. స్టిక్కర్ జిగురు పోవట్లేదని పెట్రోల్ గుడ్డతో రుద్దే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ట్యాంకు మీద పెయింట్ తట్టుకుందని విండ్‌షీల్డ్ కూడా తట్టుకోదు.

2-బ్యూటాక్సీఇథనాల్. గ్లాస్ క్లీనర్లలో, డీగ్రీజర్లలో కనిపించే సాల్వెంట్. పేరు పెద్దది కాబట్టి చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు.

కంపెనీలకి ఈ తేడా బాగా తెలుసు. వాన నీళ్లు నిలవకుండా జారిపోయేలా చేసే రెయిన్-ఎక్స్ సంగతే చూడండి. అసలు ప్రొడక్ట్ గాజు కోసం. ప్లాస్టిక్ కోసం అదే బ్రాండ్ వేరే బాటిల్ అమ్ముతుంది. డబ్ల్యూడీ-40 కూడా తమ స్ప్రేని పాలికార్బొనేట్ మీద వాడొద్దని చెబుతుంది. చైన్ మీద స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర ఎటు పోతోందో చూసుకోవాలన్నమాట.

ఇంకో సైలెంట్ విలన్ ఉంది, థ్రెడ్ లాకర్. స్క్రూలు వదులవకుండా రాసే ఆ జిగురు ద్రవం మెటల్‌కి మంచిదే కానీ, చాలా రకాలు పాలికార్బొనేట్‌ని పగలగొడతాయి. సరిగ్గా లాగుడు ఎక్కువగా ఉండే రంధ్రంలోకే అది చేరుతుంది. విండ్‌షీల్డ్ స్క్రూలకి రబ్బరు వాషర్లు పెట్టి, అతిగా బిగించకుండా ఉంటే సరిపోతుంది.

ఫోన్‌కి సేఫ్ అయితే దీనికీ సేఫేనా?

ఇది మన రీడర్లకి ప్రత్యేకంగా వచ్చే డౌట్. 2020లో ఆపిల్ తన సపోర్ట్ పేజీ మార్చి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న వైప్స్‌తో ఐఫోన్ బయటి భాగాలని మెల్లగా తుడవొచ్చని చెప్పింది. అప్పటి నుంచి మన బ్యాగుల్లో ఆ వైప్స్ ఉంటూనే ఉన్నాయి. ఫోన్ తుడిచిన చేత్తోనే యాక్షన్ కెమెరా, ఆ తర్వాత వైజర్, ఆ తర్వాత విండ్‌షీల్డ్.

ఆపిల్ ఆ మాట చెప్పింది గాజు ముందుభాగం ఉన్న ఫోన్ గురించి. బిగించిన స్క్రూల మధ్య వంగి ఉన్న ప్లాస్టిక్ గురించి కాదు. ల్యాప్‌టాప్ స్క్రీన్ క్లీనింగ్ కిట్‌లో వచ్చే స్ప్రే మీద "ఆల్కహాల్ లేదు, అమ్మోనియా లేదు" అని స్పష్టంగా ఉంటే అది వేరే సంగతి. ఏమీ రాయకుండా "అన్ని స్క్రీన్లకీ సేఫ్" అని మాత్రమే ఉంటే, వైజర్ స్క్రీన్ కాదని గుర్తు పెట్టుకోండి.

మరి ఏం వాడాలి?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? నా సమాధానం విని కొందరు నిరాశపడతారు. ఒక లీటరు నీళ్లలో కొన్ని చుక్కల బేబీ షాంపూ లేదా మామూలు షాంపూ. రెండు రూపాయల ప్యాకెట్ కూడా ఒకేసారి అవసరం పడదు. కండిషనర్ కలిసినది మాత్రం వద్దు, అది ప్లాస్టిక్ మీద జిడ్డు పొర వదులుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కూడా రెండు చుక్కలైతే పర్వాలేదు.

గిన్నెలు తోమే సబ్బు బిళ్లలు, టూత్‌పేస్ట్, ముగ్గు, బూడిద ఇవన్నీ రాపిడి పదార్థాలు, అసలే వద్దు. బట్టల పౌడర్ కూడా వద్దు. అందులో వాషింగ్ సోడా ఉంటుంది కాబట్టి క్షార గుణం ఎక్కువ, పైగా కరగని పలుకులు గీరుతాయి. అద్దాలు తుడవడానికి మన ఇళ్లలో వాడే పాత న్యూస్ పేపర్ గాజు వరకే. టిష్యూ పేపర్ మెత్తగా అనిపించినా అది చెక్క పీచు.

నేను వాడే పద్ధతి ఇది.

ముందు బండిని నీడలో పెట్టండి. రోహిణి కార్తె ఎండలో కాలుతున్న విండ్‌షీల్డ్ మీద సబ్బు నీళ్లు పోస్తే తుడిచేలోపే ఆరిపోయి, అందులో ఉన్నదంతా చిక్కబడి అక్కడే అంటుకుంటుంది.

తర్వాత ఉత్త నీళ్లు ధారగా పోయండి. ముట్టుకోవద్దు. ఇసుక దానంతట అదే జారిపోవాలి. మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

హైవే ట్రిప్ తర్వాత పురుగులు ఎండిపోయి అతుక్కుంటాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ రాత్రి పూట వెళ్లొచ్చారంటే వైజర్ ఎలా ఉంటుందో మీకే తెలుసు. వాటిని గోరుతో గీకకండి. ఒక మెత్తటి గుడ్డని తడిపి వైజర్ మీద పరిచి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. నానితే అవే వస్తాయి. హోటల్ దగ్గర టీకి ఆగినప్పుడు ఈ పని అయిపోతుంది.

అప్పుడు షాంపూ నీళ్లు, మైక్రోఫైబర్ గుడ్డ. వేళ్ల బరువుతోనే, నొక్కకుండా, పై నుంచి కిందకి నిలువుగా తుడవండి. మళ్లీ నీళ్లు పోయండి. ఇంకో పొడి మైక్రోఫైబర్‌ని రుద్దకుండా అద్ది తడి తీసేయండి.

బోరు నీళ్లయితే చివర్లో తెల్ల చుక్కలు మిగులుతాయి. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. చివరి కడుగుడు ఆర్‌ఓ నీళ్లతో చేయండి, లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొంచెం స్ప్రే బాటిల్లో పెట్టుకోండి.

ఇక గుడ్డ సంగతి. 2021లో ఆపిల్ 1,900 రూపాయలకి పాలిషింగ్ క్లాత్ పెట్టినప్పుడు అందరం మీమ్స్ వేసుకున్నాం. అంత పెట్టనక్కర్లేదు కానీ గుడ్డ విషయాన్ని లైట్ తీసుకోవద్దు. విండ్‌షీల్డ్‌కి ఒకటి, వైజర్‌కి ఒకటి విడిగా ఉంచండి. జిప్ ఉన్న కవర్లో పెట్టుకోండి. ఒక్కసారి కింద పడితే ఉతికేదాకా వాడొద్దు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, అది పీచుల మీద పొరలా పేరుకుని నీళ్లు పీల్చుకోకుండా చేస్తుంది. అదే గుడ్డతో చైన్ తుడిచి, మళ్లీ వైజర్ తుడిచే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లకి చెప్పేదేమీ లేదు.

వైజర్ లోపల పిన్‌లాక్ లాంటి యాంటీ ఫాగ్ పొర ఉంటే అది ఇంకా సున్నితం. తేమని పీల్చుకునే మెత్తటి ప్లాస్టిక్ అది. తడి మెత్తటి గుడ్డతో అలా తగిలించి తీసి, గాలికి ఆరనివ్వాలి. లోపల గట్టిగా తుడిస్తే దాని గుణమే పోతుంది.

డబ్బులు పెట్టి కొనాలనుకుంటే

కొనొద్దని నేను అనను. ప్లెక్సస్, నోవస్ లాంటివి ప్లాస్టిక్ కోసమే తయారైన క్లీనర్లు. వీటికి ఇచ్చే డబ్బు ఎక్కువగా సౌకర్యానికి: లాంగ్ రైడ్‌లో బకెట్టు, నీళ్లు లేని చోట పని జరుగుతుంది, స్టాటిక్ తగ్గి దుమ్ము కాస్త తక్కువ అంటుకుంటుంది. అయినా ఇసుక ఉన్న వైజర్ మీద నేరుగా స్ప్రే చేసి తుడిస్తే ఫలితం పొడి గుడ్డ కంటే పెద్దగా మెరుగ్గా ఉండదు. ముందు నీళ్లు, తర్వాతే ఏదైనా.

నోవస్ విషయంలో నంబర్లు చూసుకోండి. 1 అంటే క్లీనర్. 2, 3 అంటే గీతలు తీసే పాలిష్‌లు, అంటే వాటిలో రాపిడి ఉంటుంది. పాలిష్ గీతని నింపదు, చుట్టూ ఉన్న పొరని గీత లోతు దాకా అరగదీస్తుంది. కోటింగ్ లేని అక్రిలిక్ మీద అది మంచి పద్ధతే. హార్డ్ కోట్ ఉన్న వైజర్ మీద చేస్తే ఉన్న కోటింగ్ కూడా పోతుంది. యూట్యూబ్‌లో టూత్‌పేస్ట్‌తో హెడ్‌లైట్ మెరిపించే వీడియోల గుట్టు కూడా ఇదే. ఆ రోజుకి మెరుస్తుంది. ఎండని ఆపే పొర అరిగిపోయాక, దాని మీద మళ్లీ యూవీ కోటింగ్ వేయకపోతే, పసుపు రంగు మళ్లీ మొదలవుతుంది.

ఎప్పుడు మార్చేయాలి?

రాత్రి ఇంటి బయట నిలబడి, వైజర్ శుభ్రంగా కడిగి, దాని లోంచి వీధి లైటు చూడండి. లైటు చుట్టూ గుండ్రంగా సాలెగూడు లాంటి గీతలు మెరుస్తున్నాయా? వైజర్ పైకెత్తి చూసినప్పటికీ, దించి చూసినప్పటికీ తేడా స్పష్టంగా తెలుస్తోందా? అయితే ఇక ఏ క్లీనరూ పనిచేయదు, మార్చేయడమే. విండ్‌షీల్డ్‌లో స్క్రూల చుట్టూ సన్న పగుళ్లు కనిపించినా అంతే. ఎందుకంటే దెబ్బని తట్టుకునే బలం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. వైజర్ అనేది టైరు లాంటి, బ్రేక్ ప్యాడ్ లాంటి వస్తువు. అరిగిపోతుంది, మార్చుకుంటాం. హెల్మెట్ కొనేటప్పుడే ఆ మోడల్‌కి విడి వైజర్ దొరుకుతుందో లేదో కనుక్కోండి. ఏ రివ్యూలోనూ దీనికి స్కోర్ ఇవ్వరు కానీ ఇవ్వాల్సిన విషయం ఇది.

అమెరికాలో వాహనాల అద్దాలకి సంబంధించిన ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 205 ఉంది. కొన్ని రకాల ప్లాస్టిక్ అద్దాల మీద, పారదర్శకత తగ్గకుండా దేనితో, ఎలా శుభ్రం చేయాలో చెప్పే లేబుల్ అంటించి అమ్మాలని అందులో రూల్ ఉండేది. అంటే శుభ్రం చేసే పద్ధతి కూడా ఆ వస్తువు సేఫ్టీలో భాగమే అని చట్టం ఒప్పుకున్నట్టు. మనం కొన్న హెల్మెట్ డబ్బాలో, విండ్‌షీల్డ్ ప్యాకింగ్‌లో కూడా చిన్న అక్షరాలతో ఒక కాగితం వస్తుంటుంది. దాన్ని ఛార్జర్ బాక్సులోని వారంటీ కాగితంలా చెత్తబుట్టలో వేయకండి. మీ విండ్‌షీల్డ్‌కి ఏది పడదో అందరికంటే ముందు చెప్పేది అదే. ఒక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. షాపులో ఏదైనా బాటిల్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ ఫోటో తెరిచి, బాటిల్ వెనక్కి తిప్పి, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. పట్టేది ఒక్క నిమిషమే.